ఎద్దు తిన్న విస్తరి

మా చుట్టాల్లో నాకో చెడ్డ పేరుంది. పెళ్లయినా, గృహప్రవేశమైనా, బంతిలో కూర్చోగానే విస్తరిని తిరగేసి చూస్తాను. బొటనవేలి గోరుతో ఓ మూల గీకుతాను. వడ్డించే కుర్రాడు పప్పు గరిటె పట్టుకుని నిలబడిపోతాడు. పక్కన కూర్చున్న మా తోడికోడలు తల దించుకుంటుంది. "అక్కా, నువ్వు రిటైరయ్యావు. ఆ విస్తరిని కూడా రిటైరవ్వనీ" అంటుంది. నవ్వుతాను, మళ్ళీ గీకుతాను. ఉద్యోగం మానేశాను గానీ గోరు ఊరుకోవడం లేదు.

నేను వస్తువుల డిజైనర్‌ని. ఈ మాట చెబితే చీరల మీద పువ్వులు గీస్తాననుకునేవాళ్ళే ఎక్కువ. నేను సీసాలు, డబ్బాలు, విస్తళ్ళు రూపొందించాను. దేంతో చెయ్యాలి, ఎంత మందం ఉండాలి, వాడి పారేశాక అది ఏమైపోతుంది అని ఆలోచించడం నా పని. భూమికి చేసే హాని తగ్గించడం అని మా కంపెనీ కాగితాల మీద అందంగా రాసుకునేవాళ్ళం. ఈమధ్య డిజైన్ చదువుకున్న పిల్లలు మా ఇంటికొచ్చి, "మేడమ్, ప్లాస్టిక్ బదులు ఏ మెటీరియల్ మంచిది?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న వింటే నాకు కూర్చోబుద్ధి కాదు. కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళి అక్కడక్కడే తిరుగుతాను. జవాబు లేక కాదు. ఉన్న జవాబు చెప్పాలంటే ఒక ఎద్దు గురించి చెప్పాలి. ఎద్దు గురించి చెప్పాలంటే అరకు కొండల్లోని ఒక ఊరి గురించీ, దొయిమతి గురించీ, శేషగిరి గారి గురించీ చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

సన్నబడ్డ సీసా

శేషగిరి గారు మా యజమాని. విశాఖపట్నం శివార్లలో ప్యాకింగు సామాను తయారుచేసే కంపెనీ ఆయనది. చెడ్డవాడని మొదలుపెడితే నాకు సుఖంగా ఉండేది, కానీ ఆయన చెడ్డవాడు కాదు. పనివాళ్ళ పిల్లల పేర్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఎవరింట్లో జ్వరమొచ్చినా తన కారు పంపేవాడు. కొత్త ఆలోచన చెబితే కుర్చీలోంచి లేచి వినేవాడు. అలాంటి యజమాని దొరకడం నా అదృష్టమని ఇప్పటికీ అంటాను.

ఆయన నాకిచ్చిన మొదటి పెద్ద పని నీళ్ళ సీసాను పల్చబరచడం. ప్లాస్టిక్ తక్కువ వాడితే చెత్త తక్కువ అవుతుందనేది లెక్క. చేశాం. సీసా పట్టుకుంటే కిర్రుమని నలిగేంత పల్చగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఓసారి అనంతగిరి వైపు వెళ్ళాను. రోడ్డు పక్క ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మానికీ మా పాత మందపాటి సీసా ఒకటి తాడు కట్టి వేలాడుతోంది. జీలుగు కల్లు తెచ్చుకోవడానికి ఒకరికి, విత్తనాలు దాచుకోవడానికి మరొకరికి. పాత సీసా ఒక్కటీ రోడ్డు మీద కనబడలేదు. కొత్త పల్చటి సీసాలు మాత్రం కాలవ నిండా ఉన్నాయి. వాటిలో కల్లు పోస్తే వంగిపోతున్నాయట, ఎవరూ దాచుకోవడం లేదు.

తిరిగొచ్చి శేషగిరి గారికి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "శారదా, మనం అమ్మింది నీళ్ళు తాగడానికి. ఆ తర్వాత దానికి రెండో జన్మ ఉంటే అది మన లెక్కలోకి రాదమ్మా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆయన తప్పు మాట్లాడుతున్నారని నిరూపించడానికీ నా దగ్గర ఏమీ లేదు. చిరాకు పడుతూ బయటికొచ్చాను.

ఆ చిరాకు ఆయనకీ తగిలిందేమో మరి. కొన్నాళ్ళకు ఆయనే పిలిచి, "ప్లాస్టిక్ గొడవ వదిలేద్దాం. ఆకుతో విస్తళ్ళు చేద్దాం. వెళ్ళి చూసిరా" అన్నారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

దొయిమతి చెయ్యి

అడ్డాకు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కొండల్లో పెద్ద చెట్లను అల్లుకుని పైకి పాకే తీగ ఆకు. రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత వెడల్పుంటుంది. ఆడవాళ్ళు కోసి తెచ్చి, ఎండబెట్టి, సన్నటి వెదురు పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేస్తారు. అరకు సంతలో కట్టలు కట్టలుగా అమ్ముతారు.

నేను వెళ్ళిన ఊరు అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో, జీపు దిగి కొండెక్కితే వస్తుంది. అక్కడ ఆకు కుట్టే ఆడవాళ్ళ సంఘానికి దొయిమతి పెద్ద. దాదాపు నా వయసే. మాట చురుకు, కోపం చురుకు, నవ్వు అంతకన్నా చురుకు. అక్కడ చిన్నాపెద్దా అందర్నీ నువ్వనే పిలుస్తారు. నన్నూ అలాగే పిలిచింది.

మొదటిరోజు ఆకును వెలుతురుకి పెట్టి ఈనెలు చూస్తూ కూర్చుంటే నా చేతిలోంచి లాక్కుంది.

"ఏటి మేడమూ, అంతసేపు సూత్తన్నావు? ఆకేటీ మాటాడదు. ఇదో పుల్ల, కుట్టు."

కుట్టాను. పైకెత్తగానే నా విస్తరి నాలుగు ముక్కలై ఒళ్ళో పడింది. ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు.

"నువ్వు కుట్టిన ఆకులో తింటే కూడు ఒళ్ళోకే" అంది దొయిమతి. తర్వాత తన వేళ్ళు చూపించింది. పుల్లలు గుచ్చుకుని కొసలు గట్టిపడిపోయాయి. "మెషీను తెత్తారని సెప్పినారు గదా. బేగి తే. సేతులు నొప్పెడతన్నాయి. సంతలో షావుకార్లని బతిమాలడం నావల్ల కాదు."

ఇది గట్టిగా చెప్పాలి. కొండ ఊళ్ళకి యంత్రాలు అక్కర్లేదు, వాళ్ళ పాత పద్ధతే వాళ్ళకి సుఖం అని పట్నంలో కూర్చుని చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దొయిమతికి యంత్రం కావాలి, స్థిరమైన పని కావాలి. ఆ రెండూ ఆమె నన్ను అడిగింది.

రెండు ఆకులను వేడి అచ్చులో నొక్కితే కుట్టు అక్కర్లేకుండా గుండ్రటి విస్తరి వచ్చేలా ప్రెస్సు తయారుచేశాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. సాంబారు పోస్తే మాత్రం కాసేపటికి అడుగున చెమ్మ దిగుతోంది. మా దగ్గర కొంటానన్న పెద్ద క్యాటరింగు సంస్థవాళ్ళకి బఫేలో చేత్తో పట్టుకుని తిరిగే విస్తరి కావాలి. చెమ్మ దిగితే పట్టుచీరలు పాడవుతాయన్నారు.

శేషగిరి గారు ఒక పల్చటి పొర తెప్పించారు. దాన్ని రెండు ఆకుల మధ్య పెట్టి నొక్కమన్నారు. పైనుంచీ కిందినుంచీ ఆకే కనబడుతుంది, మధ్యలో పొర ఉన్నట్టు ఎవరికీ తెలియదు. "ఇది ప్లాస్టిక్ కాదమ్మా, మొక్కజొన్న నుంచి తీసింది. కుళ్ళిపోతుంది" అన్నారు.

పొర అమ్మినవాళ్ళ కాగితాలు చదివాను. కుళ్ళుతుంది, నిజమే. బాగా వేడి పుట్టించే పెద్ద ఎరువుల ఫ్యాక్టరీలో పెడితే కుళ్ళుతుంది.

"ఆ ఫ్యాక్టరీ అరకులో ఎక్కడుందండీ?" అన్నాను.

"వస్తుందమ్మా, ఎప్పటికైనా."

"అప్పటిదాకా?"

ఆయన నవ్వి, నా భుజం తట్టి, తర్వాతి పనిలోకి వెళ్ళిపోయారు. పొర ఉండిపోయింది.

కొత్త పండగనాడు

ఆ కొండల్లో కొత్త పంట ఏదైనా సరే, పండగ చేసేదాకా నోట పెట్టుకోరు. మామిడికి మామిడికొత్త, చిక్కుడుకి చిక్కుడుకొత్త, సామలకి సామకొత్త. రోజు దిసారి పెడతాడు. దిసారి అంటే నక్షత్రం చూసి మంచిరోజు చెప్పే పెద్దమనిషి. ఆ రోజు కొత్త సామలు వండి, అడ్డాకులో పెట్టి, ఊరి దేవతకీ చనిపోయిన పెద్దలకీ ముందు పెడతారు. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు తింటారు.

దొయిమతి ఊళ్ళో దీనికింకో పద్ధతి కూడా ఉంది. దేవత ముందు పెట్టిన ఆకును, అందులో మిగిలిన కూడుతో సహా, దుక్కి దున్నిన ఎద్దుకి తినిపిస్తారు. పంటకు మొదట కష్టపడింది ఎద్దు కాబట్టి దేవత తిన్న ఆకు దానికే చెందాలి. ఇంట్లోవాళ్ళు తిన్న ఆకులు కూడా మిగతా పశువుల ముందు వేస్తారు. ఆకు పారెయ్యడమనే మాటే అక్కడ లేదు.

శేషగిరి గారు ఆ ఊళ్ళో ప్రెస్సు బిగించి పెట్టిన యూనిట్ ప్రారంభోత్సవం సామకొత్త రోజునే పెట్టించారు. ఊరంతా ఇళ్ళ దగ్గరే ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. దొయిమతి సంఘం ఆడవాళ్ళు ఆ వారమంతా ప్రెస్సు నడిపి ఇంటింటికీ విస్తళ్ళు పంచారు.

"ఈ ఏడు దేవతకి మా మెషీను ఆకే" అంది దొయిమతి. అంత గర్వంగా ఆమెను నేను మళ్ళీ చూడలేదు. కుట్టిన ఆకులో పెడితే ఏమవుతుందని ఒక ముసలామె గొణిగితే, "కుట్టిన ఆకు కన్నా ఇదే మేలు. దీన్లో మొక్కజొన్న కూడా ఉన్నాది" అని గదమాయించింది. శిక్షణ ఇవ్వడానికొచ్చిన మా సూపర్‌వైజర్ వాళ్ళకి అలాగే చెప్పాడు. అబద్ధమేమీ చెప్పలేదు.

ఊరిపెద్దలు శేషగిరి గారిని గౌరవించాలనుకున్నారు. దేవత ముందున్న ఆకు ఆయన చేతికిచ్చి, దొయిమతి ఎద్దుకి తినిపించమన్నారు. తెల్లటి ఎద్దు, కొమ్ములకి పసుపు రాశారు. దాని పేరు రాజుగాడు. శేషగిరి గారు కాస్త భయపడుతూనే చెయ్యి చాచారు. రాజుగాడు నాలుకతో విస్తరిని చుట్టి లోపలికి లాక్కుంది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ పొర దాని కడుపులో ఏమవుతుందని నాకప్పుడు తట్టలేదు. ఫోటో తీశారు.

ఆ ఏడాదంతా ఊళ్ళో ఏ విందు జరిగినా మెషీను ఆకులే. మొక్కజొన్న ఉన్న ఆకు కాబట్టి దొయిమతి మంచివి ఏరి మరీ రాజుగాడి ముందు వేసేది.

డాక్టరు తీసినది

వానలు పడబోయే ముందు దొయిమతి ఫోను చేసింది. కొండ మీద సిగ్నలు దొరికే బండ ఎక్కి చేసినట్టుంది, మాట తెగిపోతోంది.

"మేడమూ, రాజుగాడు మేత ముట్టడం నేదు. పొట్ట ఉబ్బిపోయినాది. ఏటి సెయ్యాలో తెల్దు. దుక్కి మీదకొచ్చేసినాది."

నేను అప్పుడు అరకులోనే ఉన్నాను. పాడేరు నుంచి పశువుల డాక్టర్ని జీపులో తీసుకెళ్ళాను. ఆయన ఎడమ డొక్క మీద తట్టి చూసి, కోసి చూడక తప్పదన్నాడు. మత్తు సూది వేసి, నిలబెట్టే కోశాడు. దొయిమతి రాజుగాడి మూతి దగ్గర నిలబడి, చెవిలో ఏదో చెబుతూ, చెంప నిమురుతూ ఉంది.

డాక్టరు మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక ముద్ద బయటికి తీశాడు. మళ్ళీ పెట్టాడు, ఇంకో ముద్ద. బకెట్లో నీళ్ళు తెప్పించి ముద్దను అందులో విడదీశాడు. ఆకు ఎప్పుడో అరిగిపోయింది. పొర మిగిలింది. గుండ్రంగా, మా అచ్చు ఎంత ఉందో అంత ఉంది. దాని మీద అడ్డాకు ఈనెలు అన్నీ స్పష్టంగా అచ్చుపడి ఉన్నాయి. పట్టుకుంటే ఆకు నీడలా ఉంది.

"ఇది ఏ కంపెనీదండీ?" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

దొయిమతి దగ్గరికొచ్చి ఒక పొరను అరచేతిలో పరుచుకుంది. వేలితో ఈనెలు తడిమింది.

"ఇది మా ఆకే" అంది. తర్వాత నావైపు తిరిగింది. "మొక్కజొన్నతో సేసిందన్నారు గదా మేడమూ. మొక్కజొన్న ఎద్దు తినదేటి?"

ఆమె చేసిన ఆలోచనలో ఎక్కడా తప్పులేదు. ఆకు ఎద్దుది, మొక్కజొన్న ఎద్దుది, దేవత ఆకు అసలే ఎద్దుది. ఉత్త ప్లాస్టిక్ పళ్ళేన్ని ఆ ఊళ్ళో ఎవరూ ఎద్దు ముందు వెయ్యరు. మేం ఆకులా కనబడేలా చేశాం కాబట్టే వేశారు. మేం మంచిదని చెప్పాం కాబట్టే ఏరి మరీ వేశారు.

రాజుగాడు వారం తిరక్కుండా చనిపోయింది. దొయిమతి గుమ్మంలో కూర్చుని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె పక్కన కూర్చునే హక్కు నాకుందో లేదో తెలియక, కాస్త దూరంగా నిలబడి ఏడ్చాను.

గోడ మీది క్యాలెండరు

విశాఖపట్నంలో కథ ఇంకోలా నడిచింది. యూనిట్‌లో పాడైపోయిన విస్తళ్ళను దొయిమతి ఇంటికి పట్టుకుపోయి పశువులకి వేసిందని సూపర్‌వైజర్ చెప్పాడు. పాడైనవాటిని మూటకట్టి కంపెనీకి తిప్పి పంపాలనేది రూలు. రూలు తప్పింది కాబట్టి దొయిమతిని సంఘం పెద్దగా తీసేసి, యూనిట్‌లోకి రానివ్వొద్దని శేషగిరి గారు అనుకుంటున్నారు. ఎద్దు పోయింది, ఇప్పుడు పరువూ పనీ కూడా పోబోతున్నాయి. ఆ మాట వినగానే తొలి బస్సెక్కి ఆయన గదికి వెళ్ళాను.

"ఆవిడ దొంగతనం చెయ్యలేదండీ. పాడైన ఆకులు ఎద్దుకి వెయ్యలేదు. మంచివే వేసింది" అన్నాను.

"మంచివైతే మాత్రం? పశువులకి వెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

ఆయన వెనక గోడకి ఆ ఏడాది కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది. సామకొత్త నాటి ఫోటో. నవ్వుతూ చెయ్యి చాచిన శేషగిరి గారు, నాలుక చాచిన రాజుగాడు, మధ్యలో మా విస్తరి. ప్రకృతి ఇచ్చింది ప్రకృతికే అని కింద ఆకుపచ్చ అక్షరాలు. మా కొనుగోలుదారులందరికీ అవే పంపాం.

"మీ వెనక్కి ఒకసారి చూడండి" అన్నాను.

ఆయన కుర్చీ తిప్పారు. లేచి క్యాలెండరును మేకు నుంచి తీసి, చుట్ట చుట్టి, బల్ల సొరుగులో పెట్టారు. దొయిమతి మీద ఏ చర్యా వద్దని నా ఎదుటే సూపర్‌వైజర్‌కి ఫోను చేసి చెప్పారు. చనిపోయిన ఎద్దు బదులు ఇంకో ఎద్దును కొనిస్తామన్నారు, కొనిచ్చారు కూడా.

"మరి పొర?" అన్నాను.

"పొర తీస్తే ఆర్డరు పోతుంది శారదా. పశువులకు వేయరాదు అని విస్తరి వెనక అచ్చు వేయిద్దాం."

"ఎద్దుకి చదువు రాదండీ."

"నువ్వు ఎమోషనల్ అవుతున్నావమ్మా. రేపు మాట్లాడదాం."

క్యాలెండరు దిగింది, పొర దిగలేదు. పైవాళ్ళు మారిపోయారని అనుకోవడానికి ముందు ఏది మారిందో చూసుకోండి. మంచివాళ్ళు కూడా సిగ్గు కలిగించే వస్తువును ముందు తీసేస్తారు. హాని చేసే వస్తువు దగ్గరికి వచ్చేసరికి రేపు మాట్లాడదామంటారు.

పొర లేని విస్తరి

ఆ తర్వాత నేను చేసిన పని ఒక్కటే. విస్తరి ఎంతసేపు నిలవాలి? బఫేవాళ్ళు ఎంతసేపయినా నిలవాలంటారు. నేను కల్యాణ మంటపాల్లో గోడవారగా కూర్చుని జనం తినడం చూశాను. పెళ్ళికూతురి తరఫా, పెళ్ళికొడుకు తరఫా అని అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాను. బంతిలో కూర్చున్న మనిషి పప్పుతో మొదలుపెట్టి పెరుగుతో ముగించి లేచేదాకా నిలిస్తే చాలు. ఒక భోజనం చేసేంతసేపు బతకాల్సిన వస్తువుకి మనిషికన్నా ఎక్కువ ఆయుష్షు ఎందుకివ్వాలి?

అడుగు ఆకును పై ఆకుకు అడ్డంగా తిప్పి, ఈనెలు ఒకదానిమీదొకటి దాటేలా పెట్టి, అంచు లోతుగా నొక్కితే చెమ్మ దిగడం బాగా ఆలస్యమైంది. బంతి భోజనానికి సరిపోయింది. చేత్తో పట్టుకుని కబుర్లు చెబుతూ తిరిగేవాళ్ళకి చాలలేదు. క్యాటరింగు సంస్థ వద్దంది. కొండమీద పొర వద్దని నేను పట్టుబట్టడంతో శేషగిరి గారు మైదానంలో వేరే చోట పొరతోనే విస్తళ్ళు నొక్కించడం మొదలుపెట్టి, కొండమీది ప్రెస్సును మనుషులతో రోడ్డుదాకా మోయించి లారీలో తెప్పించేసుకున్నారు.

ఆ ప్రెస్సు కొండ దిగిననాడు దొయిమతి నన్ను కడిగేసింది.

"ఎద్దు పోనాది, ఓర్సుకున్నాను. ఇప్పుడు పనీ పోనాది. పొర తీసేమని నేనడిగినానా? ఎద్దుకి ఎయ్యకపోతే సరిపోను గదా! నా ఎద్దు గురించి నేనేడిసినాను, నీకేల అంత పట్టుదల?"

"ఇక్కడ వెయ్యరు సరే. కింద ఊళ్ళలో ఎన్ని ఎడ్లు తింటున్నాయో నీకు తెలుసా?" అన్నాను.

"తెల్దు. నాకు నా ఊరు తెలుసు. మల్లీ పుల్లలు గుచ్చుకోవాల, మల్లీ సంతలో నిలబడాల. నువ్వు బస్సెక్కి ఎల్లిపోతావు."

ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా కొట్టేయలేను. నాదీ తప్పు కాదంటాను, ఆమెదీ తప్పు కాదంటాను. అందుకే నిద్ర చెడుతుంది. భూమికి మంచి చేస్తున్నామని చెప్పే ప్రతి డిజైన్ వెనకా దాని బరువు మోసేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు. వాళ్ళు మీ మీటింగుల్లో ఉండరు. మీరే వెళ్ళి వాళ్ళ తిట్లు తినాలి. తిట్లు తినడం ఈ ఉద్యోగంలో భాగం. దాన్ని తప్పించుకున్న డిజైనర్ పని నేను నమ్మను.

నేను కంపెనీ మానేశాను. అరకులో ఒక వెల్డింగు షాపతనితో కూర్చుని చేత్తో నొక్కే చిన్న ప్రెస్సు చేయించాను. కరెంటు అక్కర్లేదు, పొర పెట్టడానికి చోటే లేదు. దాన్ని దొయిమతి గుమ్మంలో దింపితే ఆమె చాలాకాలం ముట్టుకోలేదు. కోళ్ళు దాని మీద నిద్రపోయేవి. తర్వాత ఎప్పుడో సంఘంలో కొందరు మొదలుపెట్టారు. అరకులో వెదురు బొంగులో కోడికూర అమ్మే బండ్లవాళ్ళు, రోడ్డు పక్క హోటళ్ళవాళ్ళు కొంటున్నారు. అందరికీ సరిపడా పని లేదు. మునుపటి ఆర్డరుతో పోలిస్తే ఇది ఏ మూలకీ రాదు. గెలిచామని ఎవరైనా రాస్తే చింపెయ్యండి.

పొర ఉన్న విస్తళ్ళు ఇప్పటికీ బజారులో ఉన్నాయి. చూడ్డానికి మా అచ్చే, పై ఆకును గోరుతో గీకితే గానీ లోపలి పొర తగలదు. మా తోడికోడలు సిగ్గుపడినా నేను గీకేది అందుకే.

పిల్లలు అడిగే ప్రశ్నకి ఇక జవాబు చెబుతాను. ఏ మెటీరియల్ మంచిది అని అడక్కండి. అది ఎవరి గుమ్మం ముందు పడుతుంది, అక్కడివాళ్ళు దాన్ని ఏమనుకుని ఎత్తుకుంటారు, ఎవరి నోట్లో పెడతారు అని అడగండి. మట్టిలో కలుస్తుంది అని రాసే ముందు ఏ మట్టిలో అని అడగండి. సమాధానం తెలిసేదాకా అచ్చు తయారుచెయ్యకండి. యజమాని తొందరపెడతాడు, పెట్టనివ్వండి.

మొన్నటి సామకొత్త

మొన్న సామకొత్తకి దొయిమతి పిలిచింది. ప్రతి ఏడూ పిలుస్తుంది, ప్రతి ఏడూ ఏదో ఒకటి అంటుంది. ఈసారి "బరువెక్కిపోయినావు, కొండెక్కగలవా?" అంది. ఎక్కాను, ఆగి ఆగి.

దొయిమతికి మోకాళ్ళ నొప్పులు. గుమ్మంలో పీట మీద కూర్చుని అన్నీ కోడలికి పురమాయిస్తోంది. కోడలు ఈ మధ్యే అనంతగిరి వైపు నుంచి వచ్చిన పిల్ల. పూజ అయ్యాక దేవత ముందున్న ఆకును రెండు చేతులా పట్టుకుని ఎద్దు దగ్గరికి నడిచింది. ఆ ఆకు పుల్లలతో కుట్టిందే. పొద్దున దొయిమతే పచ్చి ఆకుతో నా కళ్ళముందు కుట్టింది.

ఎద్దు ముందు నిలబడి కోడలు ఒక పని చేసింది. ఆకు మూలను బొటనవేలి గోరుతో మూడుసార్లు గీకింది. ఆకును కళ్ళకద్దుకుంది. అప్పుడు ఎద్దు నోటికి అందించబోయింది.

చుట్టూ చూశాను. పక్కింటావిడ అలాగే గీకుతోంది. ఆ పై ఇంటివాళ్ళూ అంతే. ఊళ్ళో ప్రతి ఎద్దు ముందూ ఎవరో ఒకరు ఆకు పట్టుకుని, గోరుతో గీకి, కళ్ళకద్దుకుంటున్నారు.

"అదేంటమ్మా, అలా గీకావు?" అన్నాను.

కొత్త కోడలు సిగ్గుపడింది. "మా ఊళ్ళో ఇలా సెయ్యరండి. ఇక్కడే. ఎద్దుకి ఏసే ముందర గోరుతో గీకి దణ్ణం ఎట్టుకోవాలంట."

"ఎందుకట?"

"తెల్దండి. దేవత పెట్టిన పద్ధతంట. పూర్వం నుంచీ ఉన్నాదంట."

వెనక్కి తిరిగి దొయిమతిని చూశాను. ఆమె నన్నే చూస్తోంది. రాజుగాడి పేరు ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు.

"ఏటలా నిలబడిపోయినావు? పెద్దదానివి, నువ్వెయ్యి" అంది.

కోడలు ఆకు నా చేతికిచ్చింది. నేనూ మూల గీకాను. పచ్చటి చెమ్మ గోరు కింద చేరింది, ఇంకేమీ తగల్లేదు. కళ్ళకద్దుకుని ఎద్దుకి అందించాను. అది నమిలి మింగేదాకా అక్కడే నిలబడ్డాను.